పదేళ్ల కంప్యూటర్‌ను పారేయాలా? ముందు డిస్కు మార్చి చూడండి

ఒంగోలు నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇంట్లో 2016లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. ఐ5 ఆరో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు, విండోస్ 10. ఆన్ చేశాక చేతికి రావడానికి ఐదారు నిమిషాలు పడుతోంది. వారి భర్త దాని మీదే టాలీలో నాలుగు దుకాణాల జీఎస్టీ లెక్కలు చూస్తారు. అబ్బాయి ఈ ఏడే ఇంజినీరింగ్‌లో చేరాడు. విండోస్ 10 కాలం తీరిపోయిందనీ, ఈ యంత్రం విండోస్ 11కు పనికిరాదనీ, ఇక తుక్కు కిందే లెక్కనీ చెప్పి దుకాణం వాళ్లు 62 వేలకు కొత్తదాని ఎస్టిమేటు రాసి ఇచ్చారట. అప్పు చేసి కొనాలా అని అడుగుతున్నారు.

కొనకండి. హార్డ్ డిస్కు స్థానంలో 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లోనే సమాచారం దాచే డిస్కు) ఒకటి వేయించండి. ర్యామ్ 8 జీబీకైనా పెంచండి. మైక్రోసాఫ్ట్ ఇస్తున్న అదనపు భద్రతా అప్‌డేట్లకు ఈ వారమే పేరు నమోదు చేసుకోండి. ఈ మూడూ చేస్తే 2026 అక్టోబరు 13 వరకు మీ పనికి ఏ లోటూ ఉండదు. ఆ తర్వాతి సంగతి కింద రాస్తాను. దానికి కూడా 62 వేలు అవసరం పడదు.

నేను నెల్లూరులో పంతొమ్మిదేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. "తుక్కు" అని ఎవరో చెప్పగా నా బల్ల మీదికి వచ్చిన యంత్రాల్లో నిజంగా తుక్కు అయినవి తక్కువ. చాలా వాటికి ఒకటే జబ్బు. అది హార్డ్ డిస్కు.

మీ హార్డ్ డిస్కు లోపల ఒక పళ్లెం నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 120. వినడానికి వేగమే. కానీ కావలసిన అక్షరం ఉన్న చోటు, చదివే తల కిందికి రావడానికి సగటున 4 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ తల ఒక వరుస నుంచి మరో వరుసకు జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వందలోపే అందించగలదు. విండోస్ మొదలయ్యేటప్పుడు అడిగేవి వేలల్లో ఉంటాయి. రిజిస్ట్రారు ఆఫీసు రికార్డు గదిలో ఒకే గుమస్తా ఉండి, బయట రెండు వందల మంది నిలబడి, ఒక్కో కాగితానికి ఆయన లోపలికి వెళ్లి వస్తుంటే ఎలా ఉంటుందో మీ కంప్యూటర్ పొద్దున్నే అలా ఉంటుంది. ఆఫీసరు ఎంత చురుకైనవాడైనా కాగితం చేతికి రానిదే సంతకం పెట్టలేడు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు. సాధారణమైన సాటా ఎస్‌ఎస్‌డీ కూడా అలాంటి చిన్న ఫైళ్లను సెకనుకు వేలల్లో అందిస్తుంది.

దీనికి తోడు మీకున్నది 4 జీబీ ర్యామ్. బ్రౌజర్‌లో జీఎస్టీ పోర్టల్, పక్కన టాలీ, ఒక ఎక్సెల్ ఫైలు తెరిస్తే అది నిండిపోతుంది. నిండగానే విండోస్ కొంత సరుకును డిస్కు మీదికి దించి, మళ్లీ ఎక్కిస్తూ ఉంటుంది. అసలే ఆయాసపడుతున్న గుమస్తాకు ఇంకో పని అప్పజెప్పినట్టు.

నా మాట నమ్మి డబ్బు ఖర్చుపెట్టకండి, మీరే చూసుకోండి. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. చిన్న పెట్టెలా కనిపిస్తే కింద "మోర్ డీటెయిల్స్" నొక్కండి. సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరుసగా శాతాలు కనిపిస్తాయి. డిస్క్ దగ్గర 100 శాతం కదలకుండా నిలబడి, సీపీయూ 10, 20 మధ్య ఉంటే నేను చెప్పిందే జబ్బు. సీపీయూ కూడా ఎప్పుడూ 90 దాటి ఉంటే మాత్రం ఆగండి. వైరస్ ఉండవచ్చు, లేదా ప్రాసెసర్ మీద వేడిని బయటికి పంపే పేస్టు ఎండిపోయి వేడెక్కుతూ ఉండవచ్చు. అది వేరే వైద్యం.

కావలిలో ఒక హైస్కూలు మాస్టారు ఉన్నారు. పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి స్నానానికి వెళ్లేవారు. వచ్చేసరికి సిద్ధంగా ఉంటుందని అదో అలవాటు. ఆయనది మీ దానికంటే పాతది, నాలుగో తరం. ఎస్‌ఎస్‌డీ వేసి ఇచ్చిన మర్నాడు ఫోను చేసి, "బట్టలు సర్దుకునే లోపే వచ్చేసిందయ్యా" అన్నారు. అర నిమిషం కూడా పట్టలేదు. ప్రాసెసర్ అదే, మదర్‌బోర్డు అదే.

ఇక విండోస్ 11 సంగతి. మీ దుకాణదారు చెప్పినదాంట్లో నిజం ఉంది, దాన్ని కాదనను. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2021 అక్టోబరులో విడుదలైన విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా పనిచేస్తుంది. టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, సెక్యూర్ బూట్ కూడా ఉండాలి. చిత్రమేమిటంటే మీ ఆరో తరంలో చాలా బోర్డుల్లో ఆ టీపీఎంను బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్) వెళ్లి ఆన్ చేసుకోవచ్చు. అడ్డం పడేది ప్రాసెసర్ల జాబితా ఒక్కటే.

ఆ జాబితాకు మైక్రోసాఫ్ట్ చెప్పిన కారణాలు కొట్టిపారేయదగ్గవి కావు. అర్హత లేని యంత్రాల్లో కెర్నెల్ (విండోస్‌కు గుండెకాయ లాంటి భాగం) స్థాయి క్రాష్‌లు 52 శాతం ఎక్కువగా కనిపించాయని 2021 ఆగస్టులో ఆ సంస్థే చెప్పింది. కొన్ని రక్షణ పద్ధతులు పాత ప్రాసెసర్లలో నడిస్తే వేగం పడిపోతుందన్నదీ నిజమే. అయితే అదే సమయంలో ఏడో తరానికి చెందిన ఐ7-7820హెచ్‌క్యూ అనే ప్రాసెసర్‌కు మినహాయింపు దొరికింది. మైక్రోసాఫ్ట్ స్వయంగా అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్నది అదే. ఆ మినహాయింపు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. తన సొంత యంత్రం దగ్గరికి వచ్చేసరికి గీత కాస్త పక్కకు జరిగింది. ఒంగోలులో నాలుగు దుకాణాల లెక్కలు రాసుకునే కుటుంబానికి మాత్రం జరగలేదు.

ఆ తనిఖీని తప్పించి విండోస్ 11 ఎక్కించే ఉపాయాలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. అవి పనిచేస్తాయి కూడా. నా సొంత పాత ల్యాప్‌టాప్‌లో నేనూ ఎక్కించాను. కానీ అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెబుతోంది. ఇతరుల లెక్కలు ఉన్న యంత్రం మీద ఆ ప్రయోగం వద్దు.

"మద్దతు పోతే పోయింది, నడిచినన్నాళ్లు నడుపుదాం" అనే సలహా కూడా మీకు ఎవరో ఒకరు ఇస్తారు. బ్యాంకు, జీఎస్టీ పనులు చేసే యంత్రానికి ఆ మాట వర్తించదు. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా తిరిగింది. ఫైళ్లన్నీ తాళం వేసి, విప్పాలంటే డబ్బు కట్టమంది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోని వాళ్లు, మద్దతు ముగిసిన విండోస్‌లో ఉండిపోయిన వాళ్లు దెబ్బతిన్నారు.

అప్‌డేట్ విలువ తెలియడానికి మన అక్షరమే ఒక ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లను కూలదోసింది. మామూలుగా మనం జ్ఞానం అని రాసే జ్ఞా కాదు. మధ్యలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు చేరిన రూపం. అది మెసేజ్‌లో వస్తే చాలు, ఆ యాప్ మూతపడేది. తెరిస్తే మళ్లీ మూతపడేది. నా దగ్గరికి రెండు ఫోన్లు వచ్చాయి. ఫోను పాడైందనుకుని ఒకాయన కొత్తది కొనడానికి సిద్ధమైపోయారు. ఆ నెలలోనే ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది, సమస్య పోయింది. లక్షలాది మంది రోజూ రాసే లిపిలో ఒక్క గుర్తు అటూ ఇటూ అయితేనే ఇలా జరిగింది. అప్‌డేట్లు ఆగిపోయిన యంత్రంలో ఇలాంటి తప్పు బయటపడితే దాన్ని సరిచేసే నాథుడు ఉండడు.

అందుకే నమోదు చేయించుకోమంటున్నాను. ఇంటి వాడకందారుల కోసం మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబరు 13 వరకు పొడిగించింది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీకి వెళ్తే నమోదు చేసుకునే లింకు కనిపిస్తుంది. కనిపించకపోతే ముందు మీ విండోస్ 22హెచ్2 వెర్షన్‌లో ఉందో లేదో చూడండి. అంతకన్నా పాతదైతే అప్‌డేట్ చేశాక లింకు వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్‌ను ఆన్ చేస్తే డబ్బు కట్టనక్కరలేదు. లేదంటే 30 డాలర్లు, లేదా వెయ్యి రివార్డ్ పాయింట్లు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. బ్యాకప్ ఆన్ చేసేటప్పుడు సెట్టింగ్స్ వరకే ఉంచి, ఫొటోలు, డాక్యుమెంట్ల ఫోల్డర్లను ఆపేయండి. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా వచ్చే జాగా 5 జీబీయే. అది నిండగానే డబ్బు కట్టమని రోజూ తలుపు తడుతుంది. ఆఫీసుల్లో డొమైన్‌కు కలిపిన యంత్రాలకు ఈ సదుపాయం వర్తించదు, మీ ఇంటి దానికి ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ కొనడం గురించి. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా చేతుల మీదుగా ఒక పొరపాటు జరిగింది.

కావలి తీరంలో ఒక రొయ్య పిల్లల హ్యాచరీ. మేత లెక్కలు, పిల్లల అమ్మకాలు, ఎవరెవరు ఎంత బాకీ అన్నీ ఒకే కంప్యూటర్‌లో. యజమాని తక్కువలో అయిపోవాలన్నారు. నేను పేరూ ఊరూ లేని చవక ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసి ఇచ్చాను. బ్రహ్మాండంగా పరుగెత్తింది. ఎనిమిది నెలల తర్వాత ఒక పొద్దున ఫోను వచ్చింది. వెళ్లి చూస్తే నల్లటి తెర మీద డిస్కు లేదన్న ఒక్క వాక్యం. బయోస్‌లోకి వెళ్తే డిస్కు పేరే లేదు. వేరే కేబుల్ పెట్టాను, వేరే యంత్రానికి తగిలించాను. ఉలుకూ పలుకూ లేదు. హార్డ్ డిస్కు చాలాసార్లు చచ్చేముందు చెబుతుంది. టక్ టక్ మంటుంది, ఫైలు తెరవడానికి మొరాయిస్తుంది, కొన్నాళ్లు గడువిస్తుంది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు ఏమీ చెప్పదు. ఆ హ్యాచరీ కుర్రవాడు పాత రశీదులు ముందేసుకుని ఇరవై రోజులు మళ్లీ ఎక్కించాడు. బ్యాకప్ పెట్టకుండా, పనికిమాలిన డిస్కు వేసి వచ్చిన తప్పు నాదే. ఆ తర్వాత ఎవరికీ అలాంటిది వేయలేదు. వేయమన్నా వేయను.

కాబట్టి పేరున్న కంపెనీది, మూడు నుంచి ఐదేళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి. బిల్లు అడిగి తీసుకోండి, వారంటీకి అదే ఆధారం. మీ యంత్రానికి కేబుల్‌తో తగిలించే 2.5 అంగుళాల సాటా రకమే అడగండి. చూయింగ్ గమ్ బిళ్లలా సన్నగా ఉండే ఎం.2 రకం ఎంత వేగమని చెప్పినా తీసుకోకండి. ఆరో తరం రోజుల్లో ఎక్కువగా అమ్ముడైన హెచ్110 బోర్డుల్లో చాలావాటికి దాన్ని గుచ్చే చోటే ఉండదు. సాటా హద్దు సెకనుకు 550 ఎంబీ దాకా ఉంటుంది. టాలీ వాడే వారికి అది చాలినంత.

పాత హార్డ్ డిస్కును దుకాణంలో వదిలిరాకండి. అందులో మీ లెక్కలూ మీ ఇంటి ఫొటోలూ ఉన్నాయి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూడండి. నీలం రంగులో "గుడ్" అని వస్తే రెండో డిస్కుగా లోపలే ఉంచి, రోజూ టాలీ డేటా ఫోల్డరు దాంట్లోకి కాపీ అయ్యేలా పెట్టుకోవచ్చు. పసుపు రంగులో "కాషన్" వస్తే నమ్మకండి. ఏది వచ్చినా ఇంకో కాపీ యంత్రం బయట ఉండాలి. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు నెల్లూరులో కొన్ని కాలనీల నుంచి బురద నిండిన క్యాబినెట్లు నా దగ్గరికి వచ్చాయి. ఒకాయన ఎంతో జాగ్రత్తగా రెండు డిస్కుల్లో బ్యాకప్ పెట్టుకున్నారు. రెండూ ఒకే క్యాబినెట్‌లో మునిగాయి. వారానికి ఒకసారి పెన్ డ్రైవ్‌లో కాపీ తీసి బీరువాలో పెట్టండి, చాలు.

ర్యామ్ దగ్గర మీ దుకాణదారుకు కొంత న్యాయం చేయాలి. ఆయన ఎస్టిమేటు ఎక్కువగా ఉండడానికి ఆయన ఒక్కరే కారణం కాదు. ప్రపంచంలో ర్యామ్ చిప్పుల్లో అత్యధిక భాగం తయారుచేసేవి మూడే కంపెనీలు. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ డేటా సెంటర్ల కోసం ఆ మూడూ హెచ్‌బీఎం అనే ఖరీదైన మెమరీ వైపు మొగ్గాయి. అంతే సామర్థ్యం ఉన్న మామూలు డీడీఆర్5 ర్యామ్‌తో పోలిస్తే హెచ్‌బీఎంకు దాదాపు మూడింతల సిలికాన్ పలక ఖర్చవుతుందని మైక్రానే చెప్పింది. ఒకే చెరువు నీళ్లు, పై మడికి మూడింతలు పెడితే కింది మడి ఎండుతుంది. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు అలాగే ఎగిరిపోయాయి. ఆ డిసెంబరు 3న మైక్రాన్ ఇంకో మాట చెప్పింది. మనలాంటి వాళ్లకు అమ్మే క్రూషియల్ బ్రాండును మూసేస్తున్నామని. ఏళ్ల తరబడి నేను కళ్లు మూసుకుని వేసిన ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఆ పేరు మీదవే. ఆ వార్త చదివిన రోజు నిజంగా బాధేసింది. వాళ్లకు లాభాలు అటువైపు ఉన్నాయి, అర్థం చేసుకోగలను. కానీ ఒక చిన్న ఊళ్లో 8 జీబీ ర్యామ్ ముక్క కోసం వచ్చే మనిషి ఇక వాళ్ల లెక్కలో లేడని కూడా దాని అర్థం.

అందువల్ల మీకు నా సలహా, అవసరమైనంతే కొనండి. ఉన్న 4 జీబీకి ఇంకో 4 కలిపినా పని నడుస్తుంది, 8 కలిపితే హాయిగా ఉంటుంది. వాడిన ర్యామ్ తీసుకోవడానికి జంకకండి. దాంట్లో అరిగేది ఏమీ లేదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే సాఫ్ట్‌వేర్ రాత్రంతా నడిపి ఒక్క తప్పు కూడా రాకపోతే నిక్షేపంగా వాడుకోవచ్చు. ఒక్కటి మాత్రం చూసుకోండి. ఆరో తరం బోర్డుల్లో ఎక్కువ డీడీఆర్4వే అయినా, డీడీఆర్3ఎల్ తీసుకునేవీ ఉన్నాయి. ఒకదాంట్లో ఇంకొకటి దిగదు. పాత ముక్క పట్టుకుని దుకాణానికి వెళ్తే గొడవ ఉండదు.

2026 అక్టోబరు తర్వాత ఏమిటి? విండోస్‌కు బదులుగా వాడే లైనక్స్ మింట్ అని చెప్పాలని నాకు ఉంది. ప్రస్తుత 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, ఉచితం, మీ యంత్రంలో చక్కగా నడుస్తుంది, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ టైపింగు కూడా ఉంది. కానీ టాలీ విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. లైనక్స్‌లో ఏదో రకంగా నడిపే మార్గాలున్నా, నెలాఖరు గడువు తరుముతున్నప్పుడు మీ వారిని ఆ ఇబ్బందిలోకి నెట్టను. కనుక ఇలా చేయండి. ఆ నెల దగ్గరపడేసరికి మీ వారి లెక్కల కోసం ఎనిమిదో తరమో అంతకన్నా కొత్తదో, ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న డెస్క్‌టాప్ ఒకటి కొనండి. పాతది మింట్ ఎక్కించి అబ్బాయికి ఇచ్చేయండి.

వాడినవి కొనడానికి మా నెల్లూరు వాళ్లం రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్తాం. మీకు ఒంగోలులోనే దొరికితే మరీ మంచిది. ఎక్కడ కొన్నా "ఐ5" అన్న మాటకు పడిపోకండి. ఐ5 అన్నది 2009 నుంచి వస్తున్న ఇంటి పేరు లాంటిది. తాతదీ అదే, మనవడిదీ అదే. గీత తర్వాతి అంకె చూడాలి. ఐ5-6500 అంటే ఆరో తరం, 8400 అంటే ఎనిమిది, 10400 అంటే పది. విండోస్ 11 గీతకు ఇవతల మిగిలిపోయిన ఆరు, ఏడు తరాల యంత్రాలు ఇప్పుడు గుట్టలుగా అమ్మకానికి వచ్చాయి. బయట "ఐ5, విండోస్ 11" అని చీటీ అంటించి ఇస్తున్నారు. నేను పైన వద్దన్న ఉపాయంతో ఎక్కించినవే అవి. చీటీ నమ్మకుండా, ఆన్ చేయించి సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ పూర్తి పేరు మీ కళ్లతో చదవండి. బయోస్‌కు పాత కంపెనీ పాస్‌వర్డ్ ఉందేమో చూడండి. ఉంటే వదిలేసి రండి.

అబ్బాయి గేమింగ్ ల్యాప్‌టాప్ అడుగుతున్నాడని చివర్లో రాశారు. మొదటి సంవత్సరంలో వాడు నేర్చుకునేది సి భాష, తర్వాత పైథాన్. వాటికి మీ పాత యంత్రం ఎక్కువే. పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావలసిన మెషిన్ లెర్నింగ్ పాఠాలు వచ్చినా బ్రౌజర్‌లోనే గూగుల్ కంప్యూటర్లను వాడుకోనిచ్చే గూగుల్ కోల్యాబ్‌లో ఉచితంగా కొంత దొరుకుతుంది. మూడో సంవత్సరానికి వాడి దారి ఏమిటో తెలుస్తుంది, అప్పుడు కొనండి. కాలేజీ వాళ్లు ల్యాప్‌టాప్ తప్పనిసరి అంటే 16 జీబీ ర్యామ్ ఉన్నదో, తర్వాత పెంచుకోవడానికి ఖాళీ గుంట ఉన్నదో చూడండి. ఇప్పుడు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు, తర్వాత ఏమీ చేయలేం. "ఏఐ పీసీ" స్టిక్కరుకు అదనంగా పైసా ఇవ్వకండి. కోపైలట్ ప్లస్ పేరు పెట్టుకోవాలంటే సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ప్రత్యేక చిప్పు ఉండాలని మైక్రోసాఫ్ట్ 2024లో షరతు పెట్టింది. సి ల్యాబ్‌లో ఆ చిప్పుకు పని ఏమీ ఉండదు.

నేను చెప్పినదానికి పూర్తిగా భిన్నమైన సందర్భం కూడా ఒకటి ఉంది. ఇది చదివే వాళ్లలో డీటీపీ చేసేవాళ్లు ఉంటే వాళ్ల కోసం రాస్తున్నాను. నెల్లూరులో పెళ్లి శుభలేఖలు వేసే ఒక దుకాణంలో ఇప్పటికీ పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, పాత విండోస్. పేజ్‌మేకర్‌కు దాని కంపెనీ కొత్త వెర్షన్ తేవడం మానేసి ఇరవై ఏళ్లు దాటింది. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. అందులో టైపు చేసింది ఇంకో చోట తెరిస్తే గజిబిజి గుర్తులు వస్తాయి. మాఘమాసం ముహూర్తాలు నెత్తిన ఉన్నప్పుడు అన్నీ మార్చమని నేను ఎలా చెప్పగలను? ఆ యంత్రానికి ఇంటర్నెట్ తీగ పీకేశాను. ఫైలు లోపలికి వెళ్లే పెన్ డ్రైవ్‌ను పక్కనున్న కొత్త యంత్రంలో స్కాన్ చేశాకే గుచ్చమని చెప్పాను. బయటి లోకంతో పనిలేని యంత్రం పాత విండోస్‌తోనే బతకవచ్చు. మీ వారి యంత్రం రోజూ పోర్టల్‌కు వెళ్తుంది కాబట్టి అలా కుదరదు.

మెకానిక్ వచ్చినప్పుడు రెండు పనులు అదనంగా చేయించండి. ప్రాసెసర్ మీద పాత పేస్టు తుడిపించి కొత్తది వేయించండి. పదేళ్లకు అది సున్నం పెచ్చులా ఎండిపోయి ఉంటుంది. ర్యామ్ కాళ్ల మీద బంగారు రంగు మాసి ఉంటే పెన్సిల్ రబ్బరుతో సుతారంగా రుద్దమనండి. సముద్రం దగ్గరి గాలికి అవి త్వరగా మసకబారతాయి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? అయితే మీ ఇంటి ఎర్తింగ్ సరిగ్గా లేనట్టే. కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఈ రాత్రికి మాత్రం టాలీ ఫోల్డరు, ఫొటోలు ఒక పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో డిస్క్ దగ్గర ఎంత చూపిస్తోందో, క్యాబినెట్ మూత తీశాక బోర్డు మీద ఏ పేరు ముద్రించి ఉందో ఇక్కడే రాయండి. ఆ బోర్డుకు ఏ ర్యామ్ సరిపోతుందో చూసి చెబుతాను.